ఇంగ్లీషు తప్ప మాట్లాడరాదు

ఆ వేసవిలో సిద్దిపేట మొత్తం మీద అంత నిశ్శబ్దంగా ఉండే గది మరొకటి లేదు. పాత బస్టాండు దగ్గర, టైర్ల దుకాణం పైన, కర్ణాకర్ సార్ నడిపే ఇన్‌స్టిట్యూట్ అది. తెలుగు మీడియంలోనో ఉర్దూ మీడియంలోనో ఇంటర్ పూర్తి చేసి, పై చదువులకు హైదరాబాదు వెళ్లబోయే పిల్లలు అక్కడ చేరేవారు. యూనివర్సిటీలో పాఠాలు, పుస్తకాలు, పరీక్షలు అన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. వేసవి సెలవులు అయిపోయేలోపు పిల్లలను అందుకు సిద్ధం చేస్తామని ఇన్‌స్టిట్యూట్ మాట ఇచ్చేది. తలుపు మీద పెద్ద అక్షరాలతో ఒక బోర్డు ఉండేది: లోపల ఇంగ్లీషు తప్ప మాట్లాడరాదు. పిల్లలకు ఇంగ్లీషు రాదు. అందుకని ఎవరూ ఏమీ మాట్లాడేవారు కాదు.

షారోన్ అక్కడ టీచరుగా చేరి ఎక్కువ రోజులు కాలేదు. ఆమెది కుకునూరుపల్లి. అమ్మానాన్నలు కూలికి పోయి చదివించారు. ఇంటర్ దాకా ఆమెదీ తెలుగు మీడియమే. డిగ్రీకి హైదరాబాదు వెళ్లిన కొత్తలో ఒకరోజు లెక్చరరు పరీక్ష తేదీ మారిందని క్లాసులో చెప్పాడు. గడగడా ఇంగ్లీషులో చెప్పిన ఆ మాట షారోన్‌కు అర్థం కాలేదు. పక్కమ్మాయిని అడగడానికి సిగ్గేసింది. పాత తేదీ గుర్తుపెట్టుకుని ఆమె హాలు టికెట్‌తో వెళ్లేసరికి పరీక్ష అయిపోయింది. ఆ పేపరు కోసం ఏడాది పోయింది. తర్వాత డిగ్రీ అయింది, ఎమ్మే అయింది, ఇంగ్లీషు మాట్లాడటం వచ్చింది. కానీ ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే ఆమెకు ఏడుపు రాదు, కోపం వస్తుంది.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. రేకుల కప్పు కింద గది ఉడికిపోతోంది. కర్ణాకర్ సార్ పాఠం చెబుతున్నాడు. షారోన్ వెనక నిలబడి చూస్తోంది. కిటికీకి దూరంగా కూర్చున్న అనమ్ అనే అమ్మాయి చెయ్యి సగం లేపి దించేసింది. కాసేపటికి మళ్లీ లేపింది. సార్ చూడలేదు. ఆ పిల్ల లేచి నిలబడి, నోరు తెరిచి, ఏదో గుర్తు తెచ్చుకోబోతున్నట్టు పైకి చూసి, అలాగే పక్కకు ఒరిగి కింద పడిపోయింది.

మొహం మీద నీళ్లు చల్లి, కిటికీ దగ్గర పడుకోబెట్టాక అనమ్ కళ్లు తెరిచింది.

"కండ్లు తిరుగుతున్నయని చెప్పకపోయినవా బిడ్డా?" అంది షారోన్.

"ఇంగ్లీషుల ఎట్ల చెప్పాల్నో యాదికి రాలే మేడమ్."

కర్ణాకర్ సార్ తల కొట్టుకున్నాడు. "మూడో పాఠంలనే ఉన్నది గదా! మొన్ననే బట్టీ పట్టిచ్చిన."

షారోన్ ఆయన మొహంలోకి చూసింది. ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే బాధపడుతున్నాడు, ఆ పిల్లకు పాఠం గుర్తు లేనందుకు.

మర్నాడు ఆమె అందరికంటే ముందు వచ్చి తలుపు మీద బోర్డు ఊడదీసి బీరువా వెనక పెట్టింది. పిల్లలు రాగానే తెలుగులో అంది:

"ఇయ్యాల్టి సంది ఏ భాషల అడుగుడు వస్తే ఆ భాషల అడుగుండ్రి. తెలుగైతే తెలుగు, ఉర్దూ అయితే ఉర్దూ. అడిగిన దాన్ని ఇంగ్లీషుల ఎట్ల అనాల్నో తర్వాత అందరం కలిసి చూద్దం. అడగకుంట కూసునుడు మాత్రం ఉండొద్దు."

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి అనమే అడిగింది. "యూనివర్సిటీల గా సార్లు చెప్పేది అర్థం కాకపోతే ఏం చేయాలె మేడమ్? మధ్యల ఆపొచ్చా?"

"ఆపొచ్చు. ఆపాలె. ఎట్ల ఆపాల్నో గదే ముందుగాల నేర్చుకుందం."

ఆ రోజు వాళ్లు నేర్చుకున్నది ఒక్క మాటే: నాకు అర్థం కాలేదు, దయచేసి మళ్లీ చెప్పండి. ఇంగ్లీషులో ఆ మాట ప్రతి ఒక్కరూ లేచి, తల ఎత్తి, వెనక గోడకు వినపడేలా చెప్పాలి. కొందరికి గొంతు పెగల్లేదు. కొందరు నవ్వుతూ చెప్పారు. వాళ్లు నవ్వకుండా చెప్పేదాకా షారోన్ వదల్లేదు.

తర్వాత ఆమె యూనివర్సిటీ మొదటి ఏడాది ఎకనామిక్స్ పుస్తకం తెచ్చింది. అనమ్‌కు సీటు వచ్చింది ఆ కోర్సులోనే. ఇంటర్ మీదట నేరుగా చేరే ఐదేళ్ల ఎమ్మే. ఒక్కో వాక్యంలో ఎవరు, ఏం చేశారు, ఎందుకు చేశారు అని వెతకడం నేర్పింది. తెలియని మాట కనపడగానే ఆగిపోకుండా వాక్యం చివరిదాకా వెళ్లి రమ్మంది. ధర తగ్గితే కొనేవాళ్లు పెరుగుతారని పుస్తకంలో చదివినప్పుడు చేర్యాల నుంచి రోజూ బస్సులో వచ్చే భిక్షపతి లేచాడు.

"మేడమ్, మొన్న టమాట ధర పడిపోయినప్పుడు మార్కెట్ల కొనేటోళ్లే లేరు. మా బాపు ఆటో కిరాయి కూడ ఎల్లదని చేన్లనే ఇడిసిపెట్టిండు. మరి గీ పుస్తకంల గిట్లెందుకు రాసిన్రు?"

"కొనేటోళ్లు లేరా, కొని అమ్మేటోళ్లు లేరా?" అంది అనమ్. "ధర తగ్గినప్పుడు మా ఇంట్ల టమాట ఎక్కువనే తెచ్చిన్రు."

గదిలో గొడవ మొదలైంది. సగం తెలుగు, సగం ఉర్దూ. మధ్యలో పుస్తకంలోని మాటలు దొర్లాయి: డిమాండ్, సప్లై, కాస్ట్. షారోన్ ఆపలేదు. గొడవ చల్లారాక, "ఇప్పుడు గిదే సంగతి ఇంగ్లీషుల రాయుండ్రి" అంది. భిక్షపతి పేజీ నిండా రాశాడు. తప్పులున్నాయి. కానీ అతను చెప్పదలచుకున్నది తెలుస్తోంది.

ఆ చప్పుడు కిందున్న టైర్ల దుకాణం దాకా వినిపించింది. కర్ణాకర్ సార్ షారోన్‌ను తన గదిలోకి పిలిచాడు.

"ఏందమ్మా గిది? సంత లెక్క చేసినవ్. తల్లిదండ్రులు వచ్చి చూస్తే ఏమనుకుంటరు? తెలుగు ఇంట్ల మాట్లాడుకుంటలేరా వాళ్లు?"

"ఇంట్ల ఎకనామిక్స్ మాట్లాడరు సార్."

ఆయన లేచి తలుపు దగ్గరగా వేశాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నేను సుత తెలుగు మీడియమే షారోన్. హైదరాబాద్‌ల చదివేటప్పుడు, నీ ఊరేదిరా అని అడిగిన్రు. చెప్పిన. నా యాస ఇని క్లాసంత నవ్వింది. మూడేండ్లు నవ్విన్రు. గా దినం ఒట్టు పెట్టుకున్న. నా కాడ చదివే పోరలను చూసి ఎవ్వడు నవ్వొద్దు. అందుకే ఊరు హైదరాబాద్ అని చెప్పుమంట. మీడియం సంగతి ఎత్తొద్దంట. దాచుకుంటేనే బతుకుతరు."

ఆయన చెప్పింది అబద్ధం కాదని షారోన్‌కు తెలుసు. ఆ నవ్వు ఆమె కూడా విన్నదే.

"నేను గూడ దాచుకున్న సార్. దాచుకునే ఒక ఏడాది పోగొట్టుకున్న. అర్థం కాలేదని చెప్తే మీడియం తెలుస్తదని నోరు మూసుకున్న. పిల్లలకు అది నేర్పను."

"ఆదివారం తల్లిదండ్రుల మీటింగ్ ఉన్నది" అన్నాడాయన, మళ్లీ యజమాని గొంతుతో. "ఒక్కొక్కరు స్టేజీ ఎక్కి తమ గురించి ఇంగ్లీషుల చెప్పాలె. నేను రాసిచ్చిందే చెప్పాలె. అది మంచిగ చేపియ్యి. లేకుంటే నీ దారి నువ్ చూసుకో."

మీటింగ్ మాట వినగానే అనమ్ మొహం మారిపోయింది. ఆమె తండ్రి గఫూర్‌కు మార్కెట్ దగ్గర పరుపులు కుట్టే దుకాణం ఉంది. కూతురికి సీటు వచ్చినందుకు సంతోషపడ్డాడు కానీ హాస్టల్‌కు పంపడానికి ఇంకా ఒప్పుకోలేదు. ఆదివారం చూసి చెబుతానన్నాడు. ఇంట్లో నోరెత్తని పిల్ల, కళ్లు తిరుగుతున్నా చెప్పలేక పడిపోయిన పిల్ల, అంత పెద్ద ఊళ్లో ఎట్లా బతుకుతుందని అతని బెంగ.

"సార్ రాసిచ్చింది ఒప్పజెప్తే మీ అబ్బా పంపుతడు గదా" అంది షారోన్. "నీ ఇష్టం అనమ్. నువ్వు ఒప్పజెప్పినా నేనేమనుకోను."

అనమ్ ఆ కాగితం చదివింది. అందులో ఆమె హైదరాబాదు అమ్మాయి. ఇంగ్లీషు ఆమెకు ప్రాణం. చిన్నప్పటి నుంచి ఆమె కల ఏదో పెద్ద కంపెనీలో పని చెయ్యడం.

"గీ పిల్ల ఎవరో నాకు తెల్వది మేడమ్" అంది.

ఆదివారానికి ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. తల్లిదండ్రులు కుర్చీలు నిండేలా వచ్చారు. గఫూర్ తెల్ల లాల్చీ వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. ముఖ్య అతిథి స్వరాజ్యలక్ష్మి. హైదరాబాదులో ఏదో కాలేజీకి ప్రిన్సిపాలుగా చేసి రిటైరై, ఇప్పుడు ఊరూరా విద్యార్థులకు ఉపన్యాసాలు ఇస్తోంది. ఆమె మైకు పట్టుకుని చాలాసేపు ఇంగ్లీషులో మాట్లాడింది. మధ్యమధ్య చెయ్యి ఊపింది, బల్ల చరిచింది. ఎక్కడ చప్పట్లు కొట్టాలో కర్ణాకర్ సార్ లేచి చూపించాడు. అందరూ కొట్టారు. గఫూర్ కూడా కొట్టాడు.

తర్వాత పిల్లలు ఒక్కొక్కరే ఎక్కారు. బట్టీ పట్టినది ఒక్క గుక్కలో చెప్పి దిగిపోయారు. భిక్షపతి కూడా తన ఊరు హైదరాబాదు అనే చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న అతని తల్లి పోశమ్మకు ఏం చెబుతున్నాడో అర్థం కాలేదు గానీ, కొడుకు ఆగకుండా మాట్లాడినందుకు కళ్లు తుడుచుకుంది.

అనమ్ ఎక్కింది. చేతిలో కాగితం లేదు.

"నా పేరు అనమ్" అంది ఇంగ్లీషులో. "మాది సిద్దిపేట. నేను ఉర్దూ మీడియంలో చదివాను."

కర్ణాకర్ సార్ కుర్చీలోంచి సగం లేచాడు. అనమ్ అతిథి వైపు తిరిగింది. మాట వెనక గోడకు తగులుతోంది.

"మేడమ్, మీరు చాలాసేపు మాట్లాడారు. నాకు సగమే అర్థమైంది. మా తల్లిదండ్రులకు ఏమీ అర్థం కాలేదు. దయచేసి మళ్లీ చెప్పండి."

కర్ణాకర్ సార్ మైకు కోసం చెయ్యి చాపాడు. "సారీ మేడమ్, పిల్లకు మ్యానర్స్..."

"నువ్వాగవయ్యా" అంది స్వరాజ్యలక్ష్మి. ఆమె మొహం ఎర్రబడింది. మైకు దగ్గరకు వచ్చి నిలబడింది. ఇంతసేపు తాను చెప్పినదాన్ని తెలుగులో మొదలుపెట్టింది. "మీరందరూ... బాగా కష్టపడి చదువుకోవాలి. క్రమశిక్షణ ఉండాలి. తల్లిదండ్రులను గౌరవించాలి." ఆగింది. ఇంకేమైనా ఉందా అన్నట్టు కాసేపు ఆలోచించింది. ఏమీ లేదు.

వెనక వరస నుంచి గఫూర్ గొంతు గట్టిగా వినపడింది. "ఇత్తాయిచ్? ఇంతేనా!"

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. ముందు తల్లులు, తర్వాత తండ్రులు, ఆ తర్వాత పిల్లలు. స్వరాజ్యలక్ష్మి కాసేపు బిగుసుకుని నిలబడి, చివరికి తానూ నవ్వేసి కుర్చీలో కూలబడింది. "ఇరవై ఏళ్లుగా ఇదే చెబుతున్నానమ్మా" అంది అనమ్‌తో. "మళ్లీ చెప్పమని అడిగినవాళ్లు లేరు."

కర్ణాకర్ సార్ ఒక్కడే నవ్వలేదు. మీటింగ్ కాగానే షారోన్ దగ్గరకు వచ్చి, రేపటి నుంచి రావద్దని చెప్పాడు. అరవలేదు. "నువ్ వాళ్లను ధైర్యవంతులను చేసిననుకుంటున్నవ్. హైదరాబాద్ పోయినంక తెలుస్తది" అని వెళ్లిపోయాడు.

షారోన్ గేటు బయట నిలబడి ఉండగా గఫూర్ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"టీచరమ్మా, ఇయ్యాల నా నిద్ర తిరిగొచ్చింది" అన్నాడు. "ఈమెకు ఇంగ్లీషు రాదని కాదు నా పరేషాన్. గాడ ఎవలేమన్నా, ఏం చేసినా నోరు మూసుకుని ఉంటదేమో అని. గంత మంది ముంగట గంత పెద్ద మేడమ్‌ను ఆపింది. ఇగ ఢిల్లీకి పంపుమన్నా పంపుత."

"నా ఉద్యోగం పోయింది భాయ్" అంది షారోన్.

"ఉద్యోగం పోతే చదువు చెప్పుడు ఎట్ల పోతది? జాగ కావాలె, గంతే గదా!"

గఫూర్ దుకాణంలో దూది తప్ప మనుషులు పట్టరు. షారోన్ తాను ఆదివారాలు వెళ్లే చర్చిలో పాస్టర్‌ను అడిగింది. పిల్లలు పాటలు నేర్చుకునే పక్కగది వారమంతా ఖాళీగానే ఉంటుంది, వాడుకోమన్నాడాయన. ముస్లిం ఇళ్ల నుంచి ఆడపిల్లలు చర్చి గదిలోకి వెళ్లడం ఏమిటని ఒకరిద్దరు అన్నారు. మొదటి రోజు గఫూర్ వచ్చి పాఠం అయ్యేదాకా గుమ్మం దగ్గర కూర్చున్నాడు. రెండో రోజు రాలేదు. దుకాణంలో అడిగినవాళ్లకు, "సాయిబులను కిరస్తానీలను చేస్తలేరు, టమాట లెక్క చెప్తున్నరు" అన్నాడట.

సగం మందే వచ్చారు. మిగతావాళ్లు కర్ణాకర్ సార్ దగ్గరే ఉండిపోయారు. వాళ్లలో భిక్షపతి ఒకడు. ఒక సాయంత్రం చేర్యాల బస్సు కోసం నిలబడి ఉండగా షారోన్‌కు ఎదురుపడి తల వంచుకున్నాడు.

"మీరు చెప్పేది మంచిగుంటది మేడమ్. కానీ నవ్వుతరు. నేను నవ్వించుకోలేను."

షారోన్‌కు ఒక్క క్షణం కోపం వచ్చింది. టమాటాల గురించి అడిగిన పిల్లవాడు ఇతనే కదా అనిపించింది. అతని వయసులో తానేం చేసిందో గుర్తొచ్చి ఆ కోపం పోయింది. "మంచిగ చదువుకో" అంది. బస్సు వచ్చింది. అతను ఎక్కేదాకా అక్కడే ఉంది.

చర్చి గదిలో వాళ్లు వర్షాలు పడేదాకా చదివారు. ఇంగ్లీషులో ఉపన్యాసాలు ఫోన్‌లో పెట్టి, అర్థం కాని చోట ఆపి, వెనక్కి తిప్పి విన్నారు. ఎవరికీ హైదరాబాదు కాలేజీల ఇంగ్లీషు యాస రాలేదు. షారోన్ దాని గురించి పట్టించుకోలేదు.

యూనివర్సిటీ తెరిచిన కొద్ది రోజులకే అనమ్ ఫోన్ చేసింది. మొదటి వారంలోనే కొత్తవాళ్లందరికీ ఇంగ్లీషు పరీక్ష పెట్టారట. తక్కువ మార్కులు వచ్చినవాళ్ల పేర్లు గోడకు అంటించారట. వాళ్లంతా ఎకనామిక్స్ క్లాసు జరిగే సమయంలోనే, వేరే గదిలో ఇంగ్లీషు నేర్చుకోవాలి.

"గప్పుడు ఎకనామిక్స్ పాఠం మాకెవరు చెప్తరు మేడమ్? పరీక్షైతే అందరికి ఒక్కటే."

"నువ్వేం చేసినవ్?"

"పోలే. ముందు బెంచీల కూసున్న. సార్ పేరు పిలిచి, నీ క్లాసు ఇది కాదు పో అన్నడు. ఇంగ్లీషు నేర్చుకుంట సార్, సాయంత్రం పెట్టుండ్రి, ఇది ఇడిసిపెట్టి పోను అన్న. ఇంగ్లీషుల్నే అన్న. తప్పులు పోయినయ్."

"నవ్విన్రా?"

"మస్తు నవ్విన్రు." అంది అనమ్. "ఆదిలాబాద్ పోరి ఒకతి, మహబూబ్‌నగర్ పోరలు ఇద్దరు వచ్చి నా పక్క కూసున్నరు. వాళ్ల పేర్లు గూడ గోడ మీద ఉన్నయ్."

మర్నాడూ అదే జరిగింది. ఆ తర్వాతి రోజు లెక్చరరు పుస్తకం మూసి, వీళ్లు లేస్తేనే పాఠం చెబుతానని వెళ్లిపోయాడు. వాళ్లు లేవలేదు. మిగతా క్లాసు వీళ్ల మీద విసుక్కుంది. నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు ఎవరో అనమ్ సంచి తీసి వరండాలో పెట్టారు. ఆమె తెచ్చుకుని మళ్లీ కూర్చుంది. చివరికి డిపార్ట్‌మెంట్ హెడ్ పిలిపించి, ఇంగ్లీషు క్లాసు సాయంత్రానికి మార్చాడు. పరీక్ష తప్పితే మాత్రం తన దగ్గరకు రావద్దన్నాడు.

మొదటి పరీక్షల్లో అనమ్ స్టాటిస్టిక్స్ తప్పింది. ఆ రోజు ఫోన్‌లో ఆమె గొంతు బొంగురుగా ఉంది. ఏడ్చిందని షారోన్‌కు తెలిసింది.

"వచ్చేస్తవా?" అని అడిగింది.

"ఎందుకొస్త? మళ్లీ రాస్త. తప్పినోళ్లు మళ్లీ రాయొచ్చని వాళ్ల రూల్సులనే ఉన్నది."

మళ్లీ రాసింది. గట్టెక్కింది, అంతే. గొప్ప మార్కులేం కావు. ఎకనామిక్స్‌లో మాత్రం సగం క్లాసు కంటే మెరుగ్గా వచ్చాయి.

ఆ లెక్చరరుకు ఆ ముందు బెంచీ మీద కోపం పోలేదు. ఒకరోజు పాఠం మధ్యలో బోర్డు నిండా గీతలు గీసి, వెనక్కి తిరిగి, అనమ్‌కు వంగి దండం పెట్టినట్టు చేసి, ఇంగ్లీషులో అడిగాడు. "మేడమ్ గారూ, మీకు అర్థమైందా? మేం ముందుకు వెళ్లవచ్చా?"

క్లాసు నవ్వింది. అనమ్ బోర్డు వైపు చూసింది. రెండో గీత ఎందుకు వంగిందో ఆమెకు తెలియలేదు. లేచి నిలబడింది.

"లేదు సార్. ఇంకా అర్థం కాలేదు."

మళ్లీ నవ్వు లేచింది. ఆ నవ్వు తగ్గక ముందే వెనక వరస నుంచి ఒక అబ్బాయి చెయ్యి ఎత్తాడు. హైదరాబాదులో పెద్ద ఇంగ్లీషు మీడియం స్కూల్లో చదివి వచ్చినవాడు.

"నాకు కూడా అర్థం కాలేదు సార్" అన్నాడు.

లెక్చరరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. డస్టర్ తీసుకుని బోర్డు తుడిచి, మొదటి గీత దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.